ఆఫీసర్లు దొరకని జనరల్ - సర్ థామస్ మన్రో జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒక మహనీయుని జీవిత చరిత్ర ఉంటుంది. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి మన సీనియర్లు ఎన్నోసార్లు చక్కగా రాశారు. ఈసారి నేను ఒక తెల్లదొర గురించి రాస్తున్నానంటే కొందరు అన్నలకు కోపం రావచ్చు. చివరిదాకా చదివి అప్పుడు కోప్పడండి.

థామస్ మన్రో అనగానే మనకు పదో తరగతి సాంఘిక శాస్త్రంలో రైత్వారీ పద్ధతి గుర్తుకొస్తుంది. రెండు మార్కుల ప్రశ్న, అక్కడితో అయిపోతుంది. కానీ ఆయన అసలు వృత్తి సైన్యం. మామూలు కేడెట్‌గా చేరి మేజర్ జనరల్ దాకా వెళ్లాడు. ఎక్కడ పనిచేసినా ఆయనను వెంటాడిన బాధ ఒక్కటే. పని కొండంత ఉంటుంది, చేయించడానికి సరైన అధికారులు ఉండరు. ఉన్నవాళ్లకు పని రాదు, లేదా జనం భాష రాదు. ఈ ఇబ్బంది పడిపడి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆ నిర్ణయం మనలాంటి ఇళ్ల నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్లకు సంబంధించినది కాబట్టే ఈ వ్యాసం.

మన్రో 1761 మే 27న స్కాట్లాండ్ దేశంలోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రావడంతో ఆ వ్యాపారం కుప్పకూలింది. ఆ యుద్ధంలోనే అమెరికా సేనాని జార్జి వాషింగ్టన్‌కు కూడా ఇదే తలనొప్పి. కొత్త సైన్యం, జీతాలు తక్కువ, కొన్నిచోట్ల సైనికులే తమ ఊరివాళ్లను అధికారులుగా ఎన్నుకునేవాళ్లు. ఇలాంటివాళ్లతో యుద్ధం ఎలా చేయమంటారని ఆయన తమ కాంగ్రెసుకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. వాషింగ్టన్ గెలిచాడు, గ్లాస్గోలో మన్రోల ఇల్లు చితికిపోయింది. కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు, అంటే మన ఇంటర్ రెండో సంవత్సరం వయసు.

దిగిన ఏడాదే హైదరాలీ దండెత్తి వచ్చాడు. 1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కల్నల్ బెయిలీ దళం మొత్తం నాశనమైంది. దగ్గరలోనే సర్ హెక్టర్ మన్రో పెద్ద సైన్యంతో ఉండి కూడా సమయానికి సాయం అందించలేదు. పైగా పెద్ద ఫిరంగులను కాంచీపురం కోనేరులో పడేసి మద్రాసుకు వెనుదిరిగాడు. మన థామస్ మన్రో ఆ సైన్యంలోనే ఉన్నాడు. (ఇంటిపేరు ఒకటే గానీ హెక్టర్ ఆయన దగ్గరి బంధువు కాదు.) పైవాడి తప్పుకు కిందివాళ్లు ఎలా బలవుతారో ఉద్యోగంలో మొదటి సంవత్సరమే చూశాడన్నమాట. తర్వాత ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఆ తప్పులను పూసగుచ్చినట్టు వివరించాడు.

కంపెనీ సైన్యంలో ప్రమోషన్ తెలివిని బట్టి కాదు, సీనియారిటీని బట్టి. ముందున్నవాడు కదిలితేనే వెనకవాడికి దారి. మన్రో కెప్టెన్ కావడానికి దాదాపు పదహారేళ్లు పట్టింది. ఆ రోజుల్లో ఆయన బతుకు ఎలా ఉండేదో 1789లో అక్కకో చెల్లెలికో రాసిన ఉత్తరంలో ఉంది. నాలుగు కర్రల మీద గుడ్డ పరిచి అదే మంచం. దిండు లేదు, పుస్తకమో తూటాల సంచో తల కింద. చలి పుడితే ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న పాత ఓవర్‌కోటు చేతుల్లోకి కాళ్లు దూర్చి, కోటు అంచును తల మీదికి లాక్కుని పడుకునేవాడట. డిసెంబరులో హాస్టల్ వరండాలో ఒక దుప్పటికి ఇద్దరం సర్దుకున్నవాళ్లం మనం, ఈ సంగతి మనకు వేరే చెప్పాలా! ఆ పేదరికంలోనే ఆయన హిందూస్తానీ, పారశీకం నేర్చుకున్నాడు. చుట్టూ ఉన్న చాలామంది ఆఫీసర్లకు ఆ ఓపిక లేదు. తర్వాత ఆయనను పైకి తెచ్చింది కత్తి కాదు, ఆ భాషలే.

1792లో టిప్పు సుల్తాన్ నుంచి సేలం వైపున్న బారామహల్ ప్రాంతం కంపెనీకి వచ్చింది. అక్కడ శిస్తు వసూలుకు పంపుదామంటే గవర్నర్ జనరల్ కారన్‌వాలీస్‌కు మద్రాసు సివిల్ అధికారుల్లో స్థానిక భాష తెలిసిన మనిషే కనిపించలేదు. విసిగిపోయి కెప్టెన్ రీడ్ అనే సైనికాధికారికి ఆ పని అప్పగించాడు, సహాయకులనూ సైన్యం నుంచే ఇచ్చాడు. వారిలో ఒకడు మన్రో. ఏడేళ్లు పొలాల గట్ల మీద తిరిగి పని నేర్చుకున్నాడు. టిప్పు పతనం తర్వాత 1799లో కెనరా తీరానికి పంపారు.

ఇక మన దగ్గరికి వద్దాం. 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో నిజాం ఈ ప్రాంతాలను కంపెనీకి వదిలేశాడు. వీటినే దత్తమండలాలు అన్నారు. ఆ పేరు మనకు వద్దని 1928లో మన నంద్యాలలో జరిగిన సభలోనే చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు పెట్టారు. అప్పట్లో నంద్యాల కర్నూలు నవాబు కింద ఉండేది, 1839 దాకా అలాగే ఉంది. ఆళ్లగడ్డకు పడమరగా ఉన్న కోయిలకుంట్ల సీమ మాత్రం దత్తమండలాల్లో చేరి మన్రో చేతికి వచ్చింది. ఆయన ప్రిన్సిపల్ కలెక్టర్, మకాం అనంతపురం. ఇప్పటి నాలుగు ఉమ్మడి జిల్లాల్లో సగానికి పైగా ఉండే ఆ ప్రాంతానికి ఆయన కింద నలుగురే అసిస్టెంట్లు. అందులో ఆదోని వైపు చూసిన విలియం థాకరే తర్వాత పేరుపొందిన నవలాకారుడు థాకరేకు వరసకు పెదనాన్న.

ఆ నలుగురికి ఎదురుగా 80 మంది పాలెగాళ్లు, వాళ్ల చేతిలో సుమారు 30 వేల మంది ఆయుధం పట్టిన బంట్లు. మన్రో గుడారాల్లోనే కాపురం ఉంటూ, వెంట కాపలా బలగం లేకుండానే ఊరూరా తిరిగాడు. పాలెగాళ్ల మీద మాత్రం చాలా కఠినంగా పోయాడు. సైన్యాన్ని పెట్టి అణచాడు, కొందరి పాలేలు తీసేసి పింఛను ఇచ్చాడు. ఆ కాఠిన్యాన్ని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. నొస్సం పాలెం పోయింది అప్పుడే. ఆ కుటుంబానికి చెందిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి చేతికి చివరకు వచ్చింది నెలకు పదకొండు రూపాయల చిల్లర పింఛను. 1846 జూలైలో ఆయన కోయిలకుంట్ల ఖజానా మీద పడటం, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలోనే ఆయనను ఉరితీయడం మనందరికీ తెలిసిందే. 2019లో సినిమా కూడా వచ్చింది. మన్రోను పొగిడేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు, అది సరికాదు.

పాలెగాళ్ల బంట్లు పోయాక అసలు పని మొదలైంది. ప్రతి రైతు పొలం కొలవాలి, మట్టిని బట్టి తరం కట్టాలి. 1802 జూన్‌లో సర్వే మొదలుపెట్టేనాటికి ఈ దత్తమండలాలన్నిటిలోనూ భూమి కొలవడం తెలిసిన గుమాస్తాలు నలుగురంటే నలుగురే దొరికారు! ఇంకొకరైతే మద్రాసుకు రాసి కూర్చునేవాళ్లు. మన్రో ఆ నలుగురినే పంతుళ్లను చేశాడు. స్థానికుల్లో లెక్క తెలిసినవాళ్లను వాళ్ల వెంట తిప్పి నేర్పించాడు. ఆ ఏడాది చివరికి 50 మంది అయ్యారు, మరుసటి ఏడాదికి 100 మంది. మొదట ఆరుగురికి ఒక జట్టు, తర్వాత పదిమందికి ఒక జట్టు, జట్టుకొక తనిఖీదారు. కొలిచేది 33 అడుగుల గొలుసుతో. అలాంటి 40 చదరపు గొలుసులు ఒక ఎకరా. (లెక్క వేసి చూడండి, 43,560 చదరపు అడుగులు సరిగ్గా వస్తాయి.) నేర్చుకునేటప్పుడు నెల జీతం, పని వచ్చాక ఎకరాల లెక్కన కూలి. నలుగురితో మొదలైన ఆ సర్వే సుమారు ఐదేళ్లలో ముగిసింది. మన హాస్టల్లో ఎనిమిదో తరగతి తమ్ముళ్లకు డిగ్రీ అన్నలు రాత్రిపూట లెక్కలు చెప్పే పద్ధతి ఉంది కదా, ఇంచుమించు అదే. మనుషులు లేరంటే నేర్పలేదని అర్థం అని ఆయన ఇక్కడే, మన సీమలోనే తెలుసుకున్నాడు.

ఒక్క మాట చెప్పాలి. ఆ సర్వేలో పట్టా వచ్చింది భూమి ఉన్న రైతుకు. ఆ పొలంలో చాకిరీ చేసిన మన వాడలవాళ్లకు చాలామటుకు పట్టా రాలేదు. గొలుసు పట్టుకుని కొలిచినా, గొలుసు లాగినా భూమి పేరు మారదు.

1807లో ఆయన సెలవు మీద స్వదేశానికి వెళ్లాడు. 1813లో పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్పాడు, 1814లో జేన్ కాంబెల్‌ను పెళ్లి చేసుకుని, న్యాయ వ్యవస్థను సరిదిద్దే కమిషన్‌కు అధ్యక్షుడిగా మళ్లీ మద్రాసు వచ్చాడు. 1816లో గ్రామ మునసబులు ఏర్పడింది ఆ కమిషన్ వల్లనే. ఈ కాలం గురించి రాయాల్సింది చాలా ఉంది గానీ మన విషయం అది కాదు.

1817లో మరాఠాలతో యుద్ధం ముంచుకొచ్చింది. మన్రోకు అప్పటికి 56 ఏళ్లు, కల్నల్ హోదా, చూపు మందగిస్తోంది. ఎన్నాళ్లుగానో కోరుకున్న పెద్ద సైన్య నాయకత్వం దక్కలేదు. మరాఠా రాజ్యపు దక్షిణ ప్రాంతాలను స్వాధీనం చేసుకోవడానికి కమిషనర్‌గా ధార్వాడ పంపారు. తనకన్నా వెనకవాళ్లు దళాలను నడుపుతుంటే తాను కాగితాల మధ్య ఉండిపోయానని చాలా బాధపడ్డాడు.

ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ప్రభువుకు ఒక ఉత్తరం రాశాడు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇదే. దాని సారాంశం నా మాటల్లో చెబుతాను. దేశీయ రాజుల పాలనలో ఎంత అస్తవ్యస్తం ఉన్నా, సమర్థుడైనవాడు పైకి రావడానికి దారి ఉండేది. కంపెనీ పాలనలో ఆ దారి మూసేశారు. సిపాయి ఎంత గొప్పవాడైనా సుబేదారు దగ్గర ఆగిపోతాడు. ఆ సుబేదారు కూడా నిన్నగాక మొన్న వచ్చిన తెల్ల కుర్ర ఆఫీసరు కన్నా ఎంతో కింద. జయించిన దేశంలో ప్రజలను ఇంతగా అధికారానికి దూరం పెట్టిన పాలన ఇంకెక్కడా లేదని, దీనివల్ల జనం స్వభావమే దిగజారిపోతుందని ఆయన వాదించాడు. అంటే మనవాళ్లు పనికిరారు కాబట్టి పదవులు ఇవ్వలేదన్నది నిజం కాదు, పదవులు ఇవ్వలేదు కాబట్టి పనికిరానివాళ్లుగా మిగిలారన్నది నిజం. రెండు వందల ఏళ్ల కిందట ఒక కంపెనీ సైనికాధికారి ఈ మాట రాశాడంటే నాకు మొదట నమ్మకం కలగలేదు.

సుబేదారు అన్న మాట దగ్గర మనకు ఇంకో సంగతి గుర్తుకు రావాలి. అంబేద్కర్ గారి తండ్రి రాంజీ సక్పాల్ గారు అదే సైనిక వ్యవస్థలో సుబేదారు హోదా వరకు వచ్చి ఆగిన మనిషి. మన్రో చూపించిన గోడ ఆ ఇంటి ముందు కూడా ఉంది.

మూడు నెలలు తిరక్కుండానే ఆ ఉత్తరంలోని మాటకు పరీక్ష వచ్చింది. 1817 నవంబరు 5న పూణే దగ్గర పీష్వా యుద్ధం మొదలుపెట్టాడు. ధార్వాడలో మన్రో చుట్టూ అంతా శత్రు భూమి. ఆయనకు బ్రిగేడియర్ జనరల్ హోదా అయితే ఇచ్చారు గానీ, చేతిలో బయటికి పంపగలిగిన సిపాయిలు ఐదు కంపెనీలే, అంటే ఐదారు వందల మంది. దళాలను నడిపే ఆఫీసర్లు లేరు, జనరల్ పక్కన ఉండాల్సిన సిబ్బంది లేరు. జనరల్‌నన్న మాటే గానీ సైన్యం ఎక్కడ అనుకోవాల్సిన పరిస్థితి.

అప్పుడు ఆయన చేసింది చూడండి. ఇంకా శత్రువు చేతిలోనే ఉన్న తాలూకాలకు తన తరఫున అమీల్దార్లను నియమించేశాడు. అందరూ స్థానికులే. ఒక్కొక్కరికి కొందరు బంట్రోతులను ఇచ్చి, వెళ్లి ఊళ్లు స్వాధీనం చేసుకుని శిస్తు వసూలు చేయమన్నాడు. చుట్టుపక్కల జిల్లాల నుంచి కూడా బంట్రోతులను పిలిపించాడు. పీష్వా ఇజారాదార్ల బాధ పడలేక ఉన్న గ్రామాల వాళ్లు వీళ్లకు తలుపులు తెరిచారు. శిస్తు ఇటు రావడంతో శత్రు దళాలకు జీతాలు లేవు, జీతం లేని రౌతు ఎన్నాళ్లు నిలబడతాడు? నవలగుంద వైపు వెళ్లిన రామారావు అనే ఆయన, తన మీదికి వచ్చిన గోఖలే రౌతులను ఆ బంట్రోతులతోనే తరిమాడు. కంపెనీ లెక్కలో రామారావు ఆఫీసరు కాదు, కాలేడు కూడా. చేసింది మాత్రం ఆఫీసరు పనే. 1818 జనవరిలో గదగ్, డంబళ లొంగిపోయాయి, ఫిబ్రవరిలో బాదామి, తర్వాత పెద్ద దళం వచ్చి కలిశాక ఏప్రిల్‌లో బెళగావి, మే నెలలో షోలాపూర్. తర్వాతి ఏడాది లండన్ పార్లమెంటులో కానింగ్ అనే మంత్రి ఈ యుద్ధాన్ని ప్రత్యేకంగా చెప్పి, తొమ్మిది కోటలు ఆయనకు స్వాధీనమయ్యాయని మెచ్చుకున్నాడు. మెప్పు మన్రోకు వచ్చింది. రామారావు పేరు పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకు మించి లేదు.

1820 జూన్‌లో ఆయన మద్రాసు గవర్నర్ అయ్యాడు. ఇప్పుడు తలుపు తాళం ఆయన చేతిలోనే ఉంది. ఎంతవరకు తెరిచాడు అన్నదే నా ప్రశ్న. కొత్తగా వచ్చే దొరల పిల్లలు మొదట జనం భాష నేర్చుకోవాలని పట్టుబట్టాడు. కడపకు వచ్చి తెలుగుకు అంత సేవ చేసిన సి.పి.బ్రౌన్ మద్రాసు కాలేజీ నుంచి బయటికి వచ్చింది ఆ సంవత్సరమే. 1822లో బడులు ఎన్ని ఉన్నాయో లెక్క తీయమని కలెక్టర్లందరికీ ఆదేశం పంపాడు. రాజధాని మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. అప్పట్లో అనంతపురం, ఆదోని కూడా కలిసి ఉన్న బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఆ లెక్కల్లో బ్రాహ్మణులకు, వైశ్యులకు, శూద్రులకు, ముస్లింలకు గడులు ఉన్నాయి. మనం ఉంటే గింటే ఇతర కులాలు అనే గడిలో ఉండాలి. అందులో మనవాళ్లు ఎందరో విడిగా రాయలేదు.

1824 డిసెంబరు 31న రాసిన పెద్ద నివేదికలో, పై పదవులకు ఆశ లేనప్పుడు చదువు మాత్రం ఎవరు చదువుతారని మళ్లీ అదే వాదన చేశాడు. 1826 మార్చిలో జిల్లాకు రెండు పెద్ద బడులు, తహసీలుకు ఒకటి చొప్పున 300 చిన్న బడులు పెట్టాలని ప్రతిపాదించాడు. సైన్యంలో సుబేదారు పైన ఉన్న గోడను మాత్రం ఆయనా కదిలించలేదు. పైగా సిపాయిల్లో స్వేచ్ఛా భావాలు వస్తే కంపెనీకి ప్రమాదమని భయపడి పత్రికా స్వేచ్ఛను వ్యతిరేకించాడు. తెలిసి కూడా చేయలేదా, చేయలేకపోయాడా అంటే, నా ఉద్దేశంలో రెండూ. ఎంతైనా ఆయన కంపెనీ ఉద్యోగి, మన మనిషి కాదు.

1827లో పదవి వదిలి ఇంటికి పోయే ముందు, ఏడేళ్లు తిరిగిన మన సీమను ఒకసారి చూసి పోదామని బయలుదేరాడు. దారిలో కలరా ఉందని తెలిసినా ఆగలేదు. జూలై 6న పత్తికొండ మకాంలో పొద్దున జబ్బు పడి ఆ రాత్రికే చనిపోయాడు. మర్నాడు గుత్తిలో ఖననం చేశారు. తర్వాత అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. మద్రాసు మౌంట్ రోడ్డులో గుర్రం మీద ఉన్న ఆయన విగ్రహాన్ని 1839లో నిలిపారు. మన వైపు మాత్రం విగ్రహం కన్నా పేరే ఎక్కువ నిలిచింది. మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకున్న కుటుంబాలు సీమలో ఉండేవి. తిరుమలలో మన్రో గంగాళం నైవేద్యం, మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించాడనే కథ, గండి ఆంజనేయస్వామి దగ్గర బంగారు తోరణం చూశాడనే కథ పెద్దలు ఇప్పటికీ చెబుతారు.

ఆయన తలపెట్టిన బడులు కొన్ని మాత్రమే మొదలయ్యాయి. పంతుళ్లకు జీతం తక్కువ, తనిఖీ లేదు. 1836లో వాటిని ఎత్తేశారు. మనవాళ్లు ఆఫీసర్లుగా శిక్షణ పొందడానికి డెహ్రాడూన్‌లో సైనిక అకాడమీ తెరిచింది 1932లో. మన్రో ఆ ఉత్తరం రాసి అప్పటికి 115 ఏళ్లు.